మాటల సొరుగు

…అయినా బల్ల లేనంత మాత్రాన సొరుగు సొరుగు కాకుండా పోతుందా అని నాలో నేను అనుకుంటూనే ఉంటాను. నేను ఒక సొరుగును. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. ముందు ఒక ఇత్తడి పిడి, దాని పైన చీటీ పెట్టుకునే ఇత్తడి చట్రం, అడుగున ఆ చివరినుంచి ఈ చివరిదాకా కార్డులు గుచ్చే ఒక సన్నటి కడ్డీ. నన్ను దూర్చడానికి బల్లా లేదు, బీరువా లేదు. బందరులో, ఇంగ్లీషుపాలెంలో, పానకాలరావు ఇంటి ముందుగదిలో కిటికీ గట్టు మీద ఒక అట్టమూత కప్పుకుని కూర్చుని ఉంటాను.

కొత్తవాళ్ళెవరైనా వస్తే నా వంక చూసి, "ఇందులో ఏవుందండీ?" అని అడుగుతారు. "మా ఇంటి ఫొటోలు" అంటాడు పానకాలు. వాళ్ళు మూత తీసి తొంగిచూస్తారు. నాలో ఒక్క ఫొటో కూడా ఉండదు. అన్నీ మాటలే. జామచెట్టు, గొడుగు, మంగినపూడి, పచ్చచీర. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో మాట, దాని కింద అంకెలు. వచ్చినవాళ్ళు "ఓహో" అని కాఫీ తాగి వెళ్ళిపోతారు.

జ్ఞాపకం అంటే బొమ్మలు నింపిన పెట్టె అని మనుషులకు ఒక నమ్మకం. వాళ్ళ తలలోకి నేను తొంగిచూడలేదు గానీ, నా అనుభవం వేరు. బొమ్మలు ఎక్కడో చీకట్లో పడి ఉంటాయి. పైన మాటలుంటాయి. ఏ మాటతో పిలిస్తే ఆ బొమ్మ లేచి వస్తుంది. ఏ మాటా లేని బొమ్మ ఉన్నా లేనట్టే.

నన్ను వీరాచారి అనే వడ్రంగి టేకుతో చేశాడు. నాతోపాటు ఇంకో ఇరవై ముగ్గురిని చేశాడు. అందరం ఒక పెద్ద బీరువాలో నాలుగు వరసలుగా సర్దుకుని ఊళ్ళో ఒక గ్రంథాలయానికి చేరాం. నా నుదుటి మీద చీటీ "ద – న". ఆ అక్షరాలతో పేరు మొదలయ్యే రచయితల పుస్తకాలకు రాసిన కార్డులన్నీ నావే. నా పక్కవాడు "ప – ఫ" కడుపునిండా తిన్నవాడిలా ఎప్పుడూ బరువుగా ఉండేవాడు. "ఱ" కోసం ప్రత్యేకంగా చేయించిన సొరుగు అక్కడున్నన్నాళ్ళూ ఖాళీగానే ఉండిపోయింది. దాన్ని చూసి జాలిపడేవాళ్ళం.

వానాకాలం వస్తే బందరు గాలికి మేమంతా ఉబ్బేవాళ్ళం. లాగితే వచ్చేవాళ్ళం కాదు, వస్తే మళ్ళీ పోయేవాళ్ళం కాదు. మమ్మల్ని తొడతో నెట్టి మూసే కుర్రాడు ఒకడుండేవాడు. డిగ్రీ అవ్వగానే కేటలాగు రాసే ఉద్యోగంలో చేరినవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. అతనే పానకాలు.

అతనికి రెండు విషయాల మీద గొప్ప పట్టింపు. ఒకటి, కార్డు మీద "గారు" ఉండకూడదు. ఎంత పెద్ద రచయితైనా, ఎన్ని బిరుదులున్నా, ఉత్త పేరు. "కార్డు ముందు అందరూ ఒకటేనండీ" అని చెప్పేవాడు. రెండోది, "చూడుము" కార్డు. ఒక మనిషి మారుపేరుతో రాసి ఉంటే, ఆ మారుపేరు మీద ఒక కార్డు పెట్టి, కింద అసలు పేరు వేసి, దాని పక్కన "చూడుము" అని రాసేవాడు. ఎటునుంచి వచ్చినా పాఠకుడు దారి తప్పకూడదని. అలాంటివి వందల కొద్దీ రాశాడు. నా ఒక్కడిలోనే అరవై ఉండేవి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొన్నాళ్ళకు చెదలు పడతాయని భయపడి ఇనప కేబినెట్టు తెప్పించారు. మమ్మల్ని విడివిడిగా వదిలించుకున్నారు. ఆ ఇనప కేబినెట్టుకి సముద్రపు గాలి తగిలి మూడేళ్ళలో తుప్పు పట్టిందట. నాకు సంతోషం కలిగిందని చెప్పను. ఆ వార్త విన్నరోజు పిడి కాస్త ఎక్కువ మెరిసి ఉంటే అది ఎండ వల్లే.

నేను దర్జీ మస్తాను చేతిలో పడ్డాను. నాలో గుండీలు పోశాడు. మొదట తెల్లవి ఒకవైపు, నల్లవి ఒకవైపు, మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టాడు. నెల తిరక్కుండా అన్నీ కలిసిపోయాయి. అతనికేం ఇబ్బంది లేదు. చెయ్యి పెట్టి కలియబెట్టి, చూడకుండానే కావలసిన గుండీ పైకి తీసేవాడు. అక్షరక్రమం లేకుండా కూడా మనుషులు బతకగలరని నాకు తెలిసింది అక్కడే.

ఒకరోజు చొక్కా కొలతలివ్వడానికి పానకాలు వచ్చాడు. చేతులు చాపి నిలబడ్డవాడు నా నుదురు చూసి అలాగే ఉండిపోయాడు.

"మస్తానూ, అది నా చేతిరాత."

"ఏ చేతిరాతండీ? గుండీల డబ్బా అది."

"ద నుంచి న. నేనే రాశాను."

మస్తాను చొక్కా వంక, నా వంక, ఆయన మొహం వంక చూసి, "దించండి చేతులు, కొలత అయిపోయింది" అన్నాడు. మర్నాడు పానకాలు గుండీలకని నాలుగు గాజు సీసాలు తెచ్చి ఇచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. వెతికితే ఇప్పటికీ నా మూలలో ఒక నీలంరంగు గుండీ దొరుకుతుంది.

ఇంట్లో ఆయనకు ఎనిమిది అట్టపెట్టెల నిండా ఫొటోలున్నాయి. పెళ్ళినాటివి, తండ్రి నాటివి, తను కొన్న కెమెరాతో తీసినవి. ప్రతిదాని వెనక పెన్సిల్‌తో ఒక అంకె వేశాడు. తర్వాత ఒక్కో ఫొటోకీ నాలుగైదు మాటలు ఎంచి, ఆ మాటల కార్డుల మీద ఆ అంకె ఎక్కించడం మొదలుపెట్టాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు "పిలుపు మాట". పిలిస్తే ఫొటో పలకాలి. ఆదివారాలు మధ్యాహ్నం భోజనమయ్యాక ముందుగదిలో చాప వేసుకుని కూర్చునేవాడు. ఆయన ఆఫీసులో ఎంత జాగ్రత్తపరుడో ఇంట్లోనూ అంతే అనుకున్నాను.

ఆయన వస్తువులు చూసేవాడు. కొత్త మిక్సీ, సైకిలు, వాచీ, జామచెట్టు. భార్య హైమవతి కూడా సరదాగా రాసేది, కానీ ఆమె మాటలు మరో రకం. "దగ్గు తగ్గాక." "ఆ పచ్చచీర." పచ్చచీర కార్డు కింద పద్నాలుగు అంకెలున్నాయి. ఆమెకు అదే క్యాలెండరు. ఏ ఫొటో ముందో ఏది తర్వాతో ఆ చీర వెలిసిన తీరును బట్టి చెప్పేసేది. వాళ్ళ అమ్మాయి కిన్నెరకు అప్పుడు పదేళ్ళు. అది "నేను ఏడ్చినవి" అని ఒక కార్డు, "బోరు" అని ఒక కార్డు పెట్టింది. పెళ్ళి ఫొటోలన్నీ బోరు కిందికే వచ్చాయి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ ఒకే తప్పు చేశారు. తప్పని ఎవరికీ తోచలేదు. ఎవరికి ఎవరు ఏమవుతారో ఆ వరసే రాసుకున్నారు. "నాన్న" అని ఒక కార్డు ఉంది. పానకాలు రాసిన అంకెల్లో ఆ నాన్న పంచెకట్టుకున్న ముసలాయన. కిన్నెర రాసిన అంకెల్లో పానకాలే. ఒకే కార్డు మీద ఇద్దరు నాన్నలు పక్కపక్కనే కాపురం చేశారు. ఎవరూ పిలవలేదు కనుక ఎవరూ గొడవపడలేదు.

ఒక్కసారి మాత్రం కిన్నెర దారి మార్చింది. పానకాలు అక్కయ్య బడి పిల్లల మధ్య నిలబడ్డ ఫొటోలు మూడు వరసగా దొరికితే, కొత్త కార్డు తీసి గుండ్రంగా "స్వరాజ్యం" అని రాసి మూడు అంకెలూ వేసింది.

పానకాలు చూశాడు. "ఏవిటే ఇది? అత్తయ్యని పేరుపెట్టి రాస్తావా?"

"పేరు అదేగా?"

"అయితే మాత్రం? పెద్దవాళ్ళని అలా రాయకూడదు."

"మరి లైబ్రరీలో అందర్నీ పేరుపెట్టే రాశావటగా?"

"వాళ్ళు మనింటివాళ్ళు కాదు."

పిల్ల మూతి ముడుచుకుని "అత్తయ్య" అని ఇంకో కార్డు తీసుకుంది. పేరున్న కార్డును ఎవరూ చింపలేదు. అలాగని ఎవరూ దానిమీద మళ్ళీ అంకె వేయలేదు. నాలో వెనక్కి, ఇంకా వెనక్కి జరిగిపోయింది.

ఇరవై ఏళ్ళు గడిచాయి. మిక్సీ పాతబడింది, పచ్చచీర పీలికలయ్యి నన్ను తుడిచే గుడ్డగా మారింది. పానకాలు రిటైరయ్యాడు. మొన్న ఒక మంగళవారం పొద్దున ఫోను మోగింది. పరాసుపేట నుంచి స్వరాజ్యం.

ఆమె గురించి చెప్పాలి. పానకాలు కన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. తల్లి పోయినప్పుడు అతనికి ఐదేళ్ళు, ఆమెకు పదమూడు. అతన్ని బళ్ళో దించి తను తన బడికి వెళ్ళేది. తర్వాత లెక్కల టీచరయ్యింది, హెడ్‌మిస్ట్రెస్ అయ్యింది, పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం పరాసుపేటలో ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఆవిడ పాత విద్యార్థులు కలిసి సన్మానం చేస్తున్నారు, ఒక సంచిక వేస్తున్నారు. ఫొటోలు ఇరవై కావాలన్నారు. శుక్రవారంలోగా.

"నా దగ్గరేవున్నాయిరా, అప్పట్లో వాన నీళ్ళు వచ్చినప్పుడు అన్నీ అతుక్కుపోయాయి. నీ దగ్గరుంటాయిగా. అన్నీ రాసిపెడతావుగా నువ్వు."

"నిమిషంలో చెప్తానక్కయ్యా, ఉండు" అన్నాడు పానకాలు గర్వంగా. ఫోను పక్కన పెట్టి నన్ను లాగాడు. ఒక మనిషి జీవితమంతా చేసిన పనికి పరీక్ష వచ్చే నిమిషం అంత తేలిగ్గా వస్తుందని నాకూ తెలియదు. "అక్కయ్య" కార్డు తీశాడు. పదకొండు అంకెలు. పెట్టెలు తెరిచి ఫొటోలు పైకి తీశాడు. అందులో ఐదు హైమవతి వాళ్ళ అక్కయ్యవి. మిగిలిన ఆరూ పెళ్ళిళ్ళలో తీసిన గుంపు ఫొటోలు. వెనక వరసలో ఎవరి తలపాగా చాటునో అక్కయ్య నుదురు.

ఫోను మళ్ళీ ఎత్తేసరికి గొంతు కాస్త దిగింది. "ఆరు కనపడుతున్నాయి అక్కయ్యా."



"ఆరేనా? సరేలే" అని పెట్టేసింది.

కోపంగా అనలేదు. అందుకే ఆ "సరేలే" రోజంతా ఆ గదిలో తిరిగింది. పానకాలు భోజనం దగ్గర కూర్చుని అన్నం కెలికాడు. నేను కిటికీ గట్టు మీంచి చూస్తున్నాను. ఇంత రాసినవాడు, మిక్సీకి కూడా కార్డు పెట్టినవాడు, తనను పెంచిన మనిషికి ఆరే పెట్టాడా? మిగతావి పోయాయా, లేక అసలు తనెప్పుడూ ఆమెను చూడనే లేదా? మొదటిదైతే శుక్రవారం నాటికి సర్దుకోవచ్చు. రెండోదైతే ఏ శుక్రవారానికీ సర్దుకోలేడు. అతని చూపు నామీద ఆనినప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉంది, భయం రెండోదాని గురించే.

"ఏవండీ, వదినగారి ఫొటోలు లేకపోవడమేవిటి? సగం నేనే తీశానుగా" అంది హైమవతి పెరుగు వేస్తూ.

"కార్డులో లేవు."

"ఏ కార్డు చూశారు?"

"అక్కయ్య."

హైమవతి గరిటె పట్టుకునే ఆయన వంక చూసింది. "నాకు ఆవిడ అక్కయ్యెలా అవుతారండీ?"

ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోలేదు. "వదిన" కార్డు కింద నలభై రెండు అంకెలు. కానీ వాటిలో హైమవతి అన్నగారి భార్య కూడా కలిసి ఉంది. సాయంత్రానికి కిన్నెరకు ఫోను వెళ్ళింది. ఆమె గుడివాడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మర్నాడు సెలవు పెట్టి స్కానరూ లాప్‌టాపూ పట్టుకుని దిగింది. సంగతి విని చాప మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఒక్క మనిషికి మూడు కీవర్డులు పెట్టి, ఒక్కో కీవర్డులో ముగ్గురు మనుషుల్ని కుక్కారా? కంప్యూటర్‌కి ఎక్కిస్తే దానికి కళ్ళు తిరుగుతాయి నాన్నా."

"నువ్వు పెట్టలేదూ అత్తయ్య అని?"

"నేను పెట్టింది పేరే. తిట్టి మాన్పించావు." అని నాలోకి వంగి, కడ్డీ ఊడదీసి, వెనకెక్కడో ఒదిగి ఉన్న కార్డు పైకి లాగింది. గుండ్రటి అక్షరాలు. స్వరాజ్యం. మూడు అంకెలు. "ఇదిగో. ఇరవయ్యేళ్ళ నుంచి ఇక్కడే కూర్చుని ఉంది."

పానకాలు ఆ కార్డు తీసుకుని చాలాసేపు చూశాడు. నేను చూస్తుండగా ఆయన వందల "చూడుము" కార్డులు రాశాడని చెప్పాను కదా. ఊళ్ళోకి ఎప్పుడూ అడుగుపెట్టని రచయితల కోసం రాశాడు. ఇంటి కోసం ఒక్కటీ రాయలేదు.

బుధ గురువారాలు ముగ్గురూ చాప మీదే గడిపారు. మూడు కార్డుల్లో ఉన్న ఫొటోలన్నీ పరిచారు. ఇది మీ వదిన, ఇది మా వదిన, ఈవిడ ఏ అత్తయ్యే, కళ్ళజోడున్న అత్తయ్య. మంగినపూడిలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి అలలను తిడుతున్న స్వరాజ్యం. మోపెడ్ మీద స్వరాజ్యం, వెనక భయంతో హైమవతి. కిన్నెరకు ఎక్కాలు చెబుతూ స్వరాజ్యం. అది "నేను ఏడ్చినవి" కిందా ఉంది. యాభై దాటాయి. పానకాలు మొహంలోకి రంగు వచ్చింది. లేవనుకున్నవి ఉన్నాయి.

ఉన్నాయి, కానీ అన్నీ భార్యా కూతురూ పిలిచినవే. తను పిలిచినవి ఆ ఆరే. ఆ సంగతి ఆయన పైకి అనలేదు. తన పాత కార్డులు ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టాడు. సైకిలు. అందులో సైకిలు పట్టుకుని నిలబెట్టింది అక్కయ్య. వాచీ. వాచీ ఉన్న చెయ్యి అక్కయ్యది. మొదటి జీతంతో తమ్ముడికని కొన్న వాచీని ముందు తన చేతికి కట్టి చూపిస్తోంది. ఎదురుగా మనిషి ఉంటే ఆయన వాచీ అని రాసుకున్నాడు. ఊపిరి పీల్చేవాడు గాలి పేరు రాసుకోడు. దగ్గరితనం అంటే అంతేనేమో, నాకు తెలియదు, నేను చెక్కను.

శుక్రవారం పొద్దున్నే గేటు చప్పుడయ్యింది. స్వరాజ్యం. తెల్ల జరీ చీర, చేతిలో గొడుగు, మబ్బు పట్టి ఉందని. గుమ్మంలోనే ఆగి చాప నిండా పరిచి ఉన్న తనను తను చూసుకుంది.

"ఏవిటిరా ఇది? ఆరన్నావు. చేపల బజారులా పరిచావు."

"వదినా, ముందు కూర్చోండి, కాఫీ తెస్తా" అంది హైమవతి.

"హైమా, నా కాఫీలో పంచదార సగం. నాకు డెబ్భై వచ్చినా నువ్వింకా పూర్తిగానే వేస్తున్నావు." కుర్చీలో కూర్చుని కళ్ళజోడు సవరించుకుంది. పానకాలు ఆమె చేతికి ఒక ఫొటో ఇచ్చాడు. రెండు వందల పన్నెండో నంబరు. వాళ్ళ మేనమామ బాక్సు కెమెరాతో తీసింది. వానలో పలకా సంచీతో ఐదేళ్ళ పానకాలు. పైన గొడుగు. ఫొటో అంచున గొడుగు పట్టుకున్న చెయ్యి, తడిసిన లంగా కొస. అంతే. నాలో దాని పిలుపు మాటలు: గొడుగు, వాన, బడి.

"ఇందులో ఎవరూ లేరనుకున్నానక్కయ్యా, నేను తప్ప" అన్నాడు పానకాలు మెల్లగా.

స్వరాజ్యం ఫొటోను కిటికీ వెలుగుకి తిప్పింది. "నా చెయ్యేగా ఇది. గొడుగంతా నీమీదకే. నేను తడిసి ముద్దయి బడికెళితే టీచరు బయట నిలబెట్టింది." కాసేపు చూసి, "ఇది వేయించండిరా సంచికలో, మొట్టమొదట" అంది.

"మొహం లేదు కదత్తయ్యా" అంది కిన్నెర.

"మొహం ఎందుకే? నా చెయ్యి తెలియనివాడు నా బళ్ళో ఎవడున్నాడు? వీపులు గుర్తుపడతాయి."

హైమవతి కాఫీ గ్లాసు పట్టుకునే నవ్వింది. నవ్వుల మధ్య పానకాలు నవ్వలేదు. నేను చూశాను, ఆయన కలం తీసుకున్నాడు. కిన్నెర అప్పటికే తన చిన్ననాటి కార్డు మీద మూడంకెల తర్వాత కొత్త అంకెలన్నీ ఎక్కించేసింది. రెండు వందల పన్నెండుతో సహా. ఇక మిగిలింది ఒకటే పని, ఆయనది. తెల్లకార్డు ఒకటి తీసి పైన "అక్కయ్య" అని రాశాడు. ఆ కింద కలం ఆగింది.

నలభై ఏళ్ళు వేలమంది పేర్లు గారు లేకుండా రాసిన కలమే అది. ఈ పేరు మాత్రం ఒక్కసారీ రాయలేదు. పెళ్ళి శుభలేఖ మీద కూడా "మా అక్కయ్యగారికి" అనే రాశాడు.

స్వరాజ్యం గ్లాసు లోంచి తల ఎత్తింది. "ఏం ఆగావు?"

"నీ పేరు రాయాలక్కయ్యా."

"రాయి. అది రాసుకోమనేగా అమ్మ పెట్టింది. మర్చిపోయావా, స్పెల్లింగు చెప్పనా?"

పానకాలు వంగి, ముత్యాల్లాంటి అక్షరాలతో, గారు లేకుండా రాశాడు: స్వరాజ్యం చూడుము.

కార్డును కడ్డీకి గుచ్చాడు. బయట వాన మొదలైంది. నేను అప్పటికే ఉబ్బి ఉన్నాను. అందుకో, సిరా ఆరాలనో, నా మీద ఎప్పుడూ కప్పే అట్టమూత ఆ పూట ఆయన తేలేదు.